గుల్లదిబ్బ మీది వైద్యుడు

గిలకమడుగు సరస్సును చూడాలంటే ఎండలు ముదరకముందే చూడాలి. నీళ్ళు రోజురోజుకీ లోపలికి జరుగుతూ, జరిగిన మేరంతా లేత పచ్చికను వదిలిపెట్టి పోతాయి. పొద్దున్నే ఆ పచ్చిక మీద మంచు మెరుస్తుంటే కాలు మోపడానికి మనసొప్పదు. అలాంటి చోట మేసే మందకు కాస్త పొగరు ఉండదా మరి? ఉండేది.

ఆ పొగరు పచ్చికను చూసి వచ్చింది కాదు. చుట్టుపక్కల మడుగుల పశువులు పిడుదు జ్వరం తగిలి, చెవులు వేలాడేసుకుని, మేత ముట్టకుండా పడి ఉంటే, గిలకమడుగు మందలో ఆ జ్వరం పేరు కూడా వినబడేది కాదు. "మీరు ఏం తింటారే, ఇలా నిగనిగలాడుతున్నారు?" అని దారినపోయే పశువులు అడిగితే, మందకు పెద్దయిన కర్రెక్క అనే ముసలి గేదె మూతి పైకెత్తి, "తిండి సంగతి అడక్కు, మమ్మల్ని మేం ఎలా చూసుకుంటామో అడుగు" అనేది.

చూసుకోవడం అంటే ఇదీ. మేతకు పోయే ముందు మందంతా రేవు దగ్గర వరసగా నిలబడేది. గోరింకలు వచ్చి చెవుల లోపలా, గంగడోలు మడతల్లోనూ, తోక కిందా వెతికేవి. నెత్తురు తాగే పిడుదు పురుగు కనబడితే ముక్కుతో పట్టి లాగేసేవి. "నిన్న ఎటు మేశావు?" అని అడిగేవి. ఏ వైపు మేసినవాళ్ళకు ఎక్కువ పట్టాయో ఆ వైపు కొన్నాళ్ళు ఎవరూ పోకూడదు. నీటి అంచున నత్తలు పాకే తడిగడ్డి ఉంటుందే, దాన్ని బాతులు ముందు జల్లెడ పట్టాలి. నత్తలు ఖాళీ అయ్యాకే పశువులు మూతి పెట్టాలి. లేకపోతే కార్జంలో జలగలు పడతాయి. ఇవన్నీ కర్రెక్క పెట్టిన కట్టుబాట్లు. "మన చెవి వెనక ఏముందో మనకు కనబడదర్రా. చూసిపెట్టేవాళ్ళు ఉండటం మన అదృష్టం" అనేది.

సరస్సు అవతల రెల్లు దుబ్బుల్లో జంబయ్య అనే నక్క ఉండేవాడు. ఈ మందలో ఎవరికీ జబ్బు చేయదు, ఎవరూ చావరు. జంబయ్యకు డొక్క వీపుకంటుకుపోయింది. ఒకరోజు మంద నుంచి కాస్త దూరంగా మేస్తున్న మైలగాడి దగ్గరకు వచ్చాడు. మైలగాడు అప్పుడే మూపురం తేలుతున్న కుర్ర గిత్త. సరస్సులో తన నీడ చూసుకోకుండా నీళ్ళు తాగేవాడు కాదు.

"అల్లుడూ, ఒక్కమాట. కోపం తెచ్చుకోవుగా?"

"అడుగు మావా."

"పొద్దున అటుగా పోతూ చూశాను. ఇంత మూపురం, ఇంత రంకె ఉన్నవాడివి, గుప్పెడు లేని పిట్ట ముందు తోకెత్తి నిలబడ్డావు. చూసిన నాకే సిగ్గేసింది."

"అది మా మంద కట్టుబాటు. పిడుదులుంటే తీసేస్తాయి."

"తీసి ఏం చేస్తాయి?"

"తింటాయి."

"కడుపు నింపుకుంటాయన్నమాట. మరి పిడుదులన్నీ అయిపోతే?"

మైలగాడు నమలడం ఆపాడు.

జంబయ్య గొంతు తగ్గించాడు. "తన కూటిలో తనే దుమ్ము పోసుకునే పిట్టను నేనెక్కడా చూడలేదు అల్లుడూ. ఒకటి తీస్తాయి, రెండు దాచిపెడతాయి. రేపటికి కావాలి కదా! మీరేమో తోకలెత్తి దండాలు పెడుతున్నారు."

ఆ మాట మైలగాడి బుర్రలో ఈగలా తిరిగింది. మర్నాడు గోరింకల పెద్ద పసుపుముక్కు వచ్చి వీపు మీద వాలబోతే ఒళ్ళు విదిలించాడు.

"దిగు. మీ వ్యాపారం మాకు తెలిసిపోయింది."

"వ్యాపారమేంట్రా?"

"పిడుదులు పెంచేది మీరే, తీసేది మీరే!"

కుర్ర పశువులన్నీ మైలగాడి వెనక చేరాయి. "అవును, మొన్న నా చెవి నొప్పెట్టేలా పొడిచింది" అంది ఒక పెయ్య. "నాకు చక్కిలిగింతలు పెడతాయి" అంది ఇంకొకటి.

పసుపుముక్కు ఒకసారి మందనంతా కలయజూసింది. "నమ్మకం లేని వీపు మీద మా కాలు మోపం" అని లేచింది. దాని వెనకే గోరింకలన్నీ లేచిపోయాయి. ఆకాశం ఒక్కసారి నల్లబడి, తర్వాత మరీ ఖాళీ అయిపోయింది.

"తప్పు చేశావురా" అంది కర్రెక్క.

"నీ కాలం వేరు పెద్దమ్మా" అన్నాడు మైలగాడు.

ఆ సాయంత్రం నుంచి జంబయ్య మందలోకే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. తన తాత వేరుమందులు తెలిసిన వైద్యుడన్నాడు, తనకూ ఆ విద్య వచ్చన్నాడు. ఒకరి పక్కన చేరి కబుర్లు, ఇంకొకరి పక్కన చేరి కునుకు. మధ్యమధ్య వెనక్కాలితో చెవి గోక్కునేవాడు. కట్టుబాట్లు ఒక్కొక్కటే జారిపోయాయి. ఎవరికి తోచిన చోట వాళ్ళు మేశారు.

ముందుగా పడిపోయింది మచ్చడు. పుల్లమ్మ అనే ఎర్రావు కొడుకు, ఇంకా పాలు మరవని దూడ. చెవులు కాలిపోతున్నాయి. ఉచ్చ ఎర్రగా పోస్తున్నాడు. తల్లి పొదుగు ముట్టడం లేదు.

జంబయ్య వచ్చి దూడను అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు. "గాలి సోకింది. చీకటి పడేలోగా రెల్లు దుబ్బుల్లో ఒంటరిగా పడుకోబెట్టాలి. తల్లి వాసన కూడా తగలకూడదు. పొద్దునకల్లా జ్వరం ఉండదు."

జ్వరమే కాదు, దూడ కూడా ఉండదని పుల్లమ్మకు తట్టింది. దూడను కర్రెక్కకు అప్పజెప్పి సరస్సు చుట్టూ పరిగెత్తి, గోరింకలు చేరిన తుమ్మచెట్టు కింద నిలబడింది.

"వదినా, నా కొడుకుని బతికించు. ఆ పూట నేనూ నోరెత్తలేదు. తప్పే."

పసుపుముక్కు మనసులో దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. కానీ పుల్లమ్మ కళ్ళ కింద కన్నీటి చార చూసేసరికి రెక్క దానంతటదే విప్పుకుంది. "నడు వదినా. అయితే ఒకటి. నేనేం చేసినా నువ్వు అడ్డురాకు."

రేవుకు రాగానే పసుపుముక్కు దూడ వైపు చూడనైనా చూడలేదు. చెవి గోక్కుంటున్న జంబయ్యను ఒకసారి ఎగాదిగా చూసి, నేరుగా అతని ముందు వాలి తల వంచింది.

"వైద్యుడుగారూ, మీ గొప్పతనం తెలియక పొరబడ్డాం. ఇంతటివారు మట్టిలో కూర్చోవడమేంటండీ? ఆ గుల్లదిబ్బ ఎక్కి కూర్చోండి. మందంతా వచ్చి దండం పెట్టుకుంటుంది. ఆ తర్వాత దూడను మీ వెంటే పంపుతాం."

రేవు పక్కనే సరస్సు విడిచిపెట్టిన గుల్లలు గుట్టగా పడి ఉన్నాయి. ఎండకు పాలనురగలా తెల్లగా మెరుస్తున్నాయి. జంబయ్య జీవితంలో ఎవరూ అతన్ని అండీ అనలేదు. ఒక్క దూకులో ఎక్కి కూర్చున్నాడు.

"ఒక్క మనవి" అంది పసుపుముక్కు. "దండాలు అందుకునే వైద్యుడు కదలకూడదంటారు. గోక్కుంటే చేతివాసి పోతుందట."

"నాకు తెలీదా! మా తాత చెప్పినదేగా" అన్నాడు జంబయ్య.

దండాలు మొదలయ్యాయి. పసుపుముక్కు చెవిలో ఏం ఊదిందో గానీ, కర్రెక్క ముందుకొచ్చి తాపీగా మోకాళ్ళు వంచింది. "వైద్యుడుగారికి మా అమ్మ తరఫున దండం. మా అమ్మమ్మ తరఫున దండం. మా మేనత్త ఉండేది, పాపం ఒంటికొమ్ముది, ఆవిడ తరఫున..."

ఎండ చురుక్కుమంది. జంబయ్య ఎడమ చెవి ఒకసారి అదిరింది. తర్వాత తోక మొదలు అదిరింది. పళ్ళు బిగబట్టాడు.

"మా మేనత్త ఆడపడుచు తరఫున..."

"త్వరగా కానివ్వమ్మా" అన్నాడు జంబయ్య, ఏడుపు గొంతుతో.

"పెద్దవాళ్ళకు తొందరేంటి నాయనా? ఆవిడ తోడికోడలు తరఫున..."

"ఓరి దేవుడో!" అని జంబయ్య ఎగిరి లేచాడు. నాలుగు కాళ్ళతో చెవులూ డొక్కలూ బరబరా గీక్కున్నాడు. ఒళ్ళంతా టపటపా విదిలించాడు. ఆముదపు గింజల్లాంటి పిడుదులు జలజలా రాలి, తెల్లటి గుల్లల మీద పాకాయి. పచ్చిక మీద పడితే ఎవరికీ కనబడేవి కావు. అక్కడ ప్రతి ఒక్కటీ కనబడింది.

మందంతా మెడలు చాచి చూసింది.

"వైద్యుడుగారి మందుమాత్రలు" అంది పసుపుముక్కు. "సాయంత్రం సాయంత్రం మీ మధ్య కూర్చుని పంచిపెట్టింది వీటినే."

జంబయ్య తడబడ్డాడు. "ఇవి... ఈ పిట్ట మాట నమ్మకండి! పిడుదులు తిని బతికేది అది కాదా?"

"మా అన్నం మిడతలు" అంది పసుపుముక్కు. "మీ గిట్టలు కదిలితే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి. అందుకే మీ వెంట తిరుగుతాం. పిడుదు మాకు నంజుకునే ఊరగాయ ముక్క. మంద నడిస్తేనే మాకు తిండి. మంద చస్తే ఎవరికి తిండో మీరే ఆలోచించుకోండి."

ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది. అన్ని కళ్ళూ ఒకేసారి గుల్లదిబ్బ వైపు తిరిగాయి.

మైలగాడి రంకెకు సరస్సు అలలెత్తింది. కొమ్ములు దించి వస్తున్న గిత్తను చూసి జంబయ్య నీళ్ళలోకి దూకాడు. అప్పటికే గోరింకలన్నీ మచ్చడి మీద వాలి, వెంట్రుక వెంట్రుకా పాయలు తీసి పిడుదుల్ని లాగుతున్నాయి. మైలగాడు తిరిగొచ్చి తల వంచి, "అత్తా, నా నోటికి బుద్ధి లేదు" అన్నాడు.

"నోటి సంగతి తర్వాత. పోయి నీడలో ఉన్న లేత గడ్డి పట్టుకురా, దూడకి" అంది పసుపుముక్కు.

మంద పిడుదులు పట్టిన మేరంతా వదిలేసి, ఎత్తుగట్టు వైపు మేతకు మళ్ళింది. మచ్చడి జ్వరం ఒక్కరోజులో దిగలేదు. పుల్లమ్మ కళ్ళు మూయకుండా కాపలా కాసింది. ఒక పొద్దున వాడు తూలుతూ లేచి, తల్లి పొదుగును ఒక్క పోటు పొడిచాడు. ఆ పోటుకు పుల్లమ్మ కళ్ళు తిరిగినంత పనైంది, అయినా ఆనందం పట్టలేకపోయింది. కర్రెక్క అయితే సరస్సు మొత్తం వినబడేలా అరిచింది: "చూశారర్రా! పడ్డ దూడను లేపుకున్న మంద మాది!" ఆ అరుపులో గొప్ప ఉంది. ఉండాల్సిన గొప్పే.

జంబయ్య మాత్రం ముక్కు కొన ఒక్కటి పైన ఉంచి, నీళ్ళలో చాలాసేపు కూర్చున్నాడు. పిడుదులు ఊడిపోతాయని ఆశ. అవేమో తడి తగలని చోటు వెతుక్కుంటూ ముక్కు మీదికి చేరాయి.

"వైద్యుడుగారూ, స్నానమా?" అని అడిగాయి బాతులు.

"ధ్యానం" అన్నాడు జంబయ్య, తుమ్ముతూ.

ఆ తర్వాత ఏ మడుగుకు పోయినా, "ముందు చెవి చూపించు" అనే గోరింక ఎదురయ్యేది. చూపించలేక, చెట్టు చెట్టుకూ ఒళ్ళు రుద్దుకుంటూ ఆ చాయల నుంచే వెళ్ళిపోయాడు.

నీతి: నీ ఒళ్ళు చూస్తానన్నవాణ్ణి కాదు, చూపించుకోనక్కర్లేదని చెప్పేవాణ్ణి అనుమానించు.