బిగించిన పలక

మల్లయాచారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ఆయన చేతిలో పని ఆపి, ఒంటి మీది చెక్కపొట్టు దులుపుకుని, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పేవాడు.

ఆనాడు శిష్యుడు రాజమౌళి జిగురుతో అతికించిన టేకు పలక వంగిపోయింది. అంచులు పైకి లేచి, నడుమ పళ్లెంలా గుంట పడింది. రాజమౌళి నలభై ఏళ్ళ మనిషి, విసిగిపోయి ఉన్నాడు.

"వెనక అడ్డపట్టీలు వేసి, మేకులతో బిగించేస్తే లొంగదా గురువుగారూ?" అని అడిగాడు.

మల్లయాచారి చెప్పింది తన తమ్ముడు విరూపాక్షి సంగతి.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పనిశాల. భార్య పురిట్లో పోయాక విరూపాక్షి తాగుడులో పడ్డాడు. ఒక వకీలుగారి బీరువాకు తలుపు పలక అతికించి, చెమ్మ గోడకు ఆనించి మరిచిపోయాడు. తిరిగి చూసేసరికి అది వంగి ఉంది. మల్లయాచారి మండిపడ్డాడు.

"గుంట వైపు తడి ఇసుక మీద బోర్లిద్దాం, అన్నా. వీపుకు ఎండ తగలనీ. మెల్లగా అదే తిరుగుతుంది" అన్నాడు విరూపాక్షి.

"ముందు నువ్వు తిరుగు" అన్నాడు అన్న, పనివాళ్ళందరూ వింటుండగా. పలకను అదిమిపట్టి, పట్టీలు వేసి మేకులు దిగగొట్టాడు. అది కొలబద్దలా తిన్నగా నిలిచింది. ఆ ఊపులోనే తమ్ముణ్ణి వెనక కొట్టుగదిలోకి తోసి, కుండెడు నీళ్ళూ అన్నమూ లోపల పెట్టి, గొళ్ళెం వేశాడు. తాగుడు మానేదాకా అక్కడే ఉండమన్నాడు.

మొదటిరోజు విరూపాక్షి తలుపు బాదాడు. రెండోరోజు, "ఒళ్ళంతా వణుకుతోంది అన్నా, గోడల మీద ఏవో పాకుతున్నాయి, ఒక్కసారి తలుపు తియ్యి" అని ఏడ్చాడు. అన్న తియ్యలేదు. మూడోరోజు లోపల అలికిడి లేదు. దారికొచ్చాడని మల్లయాచారి పనివాళ్ళతో సంతోషంగా చెప్పుకున్నాడు. నాలుగోరోజు పొద్దున గొళ్ళెం తీస్తే, విరూపాక్షి నేల మీద బిగుసుకుపోయి ఉన్నాడు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

ఆ వేసవిలోనే వకీలుగారింట్లో తలుపు పలక నిలువునా చీలింది. మేకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇది విని రాజమౌళి చేతిలోని సుత్తి కింద పెట్టాడు.

"మీ తమ్ముడు చెప్పినట్టు చేసుంటే, పలక నిజంగా తిరిగేదంటారా?" అని అడిగాడు.

"ఏమో నాయనా," అన్నాడు మల్లయాచారి. "నేను ఆగి చూడలేదు."