సీటు కింది ఎర్ర వైరు

"బండి సొంతదారుడే పూచీ నాదని నోరు తెరిచి చెబుతుంటే, మధ్యలో మనకెందుకు మేస్త్రీ?" అని మస్తానయ్య అడిగాడు.

జిలానీ మేస్త్రి అడగ్గానే జవాబు చెప్పే మనిషి కాడు. ప్రశ్న వేసిన శిష్యుణ్ణి ఏదో ఒక పనికి పురమాయిస్తాడు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో దొరకాలి, దొరక్కపోతే అది శిష్యుడి ఖర్మ. ఆ రోజూ అంతే చేశాడు. "పో, బానెట్ ఎత్తు" అన్నాడు.

నెల్లూరు ఆటోనగర్‌లో మేస్త్రి షెడ్డును ఆనుకునే నా కొట్టు. కార్ల సీట్లకు కవర్లు కుడతాను. పాతికేళ్లుగా గోడకు ఇవతల కూర్చుని ఆయన మాటలు విన్నవాణ్ణి గనక ఈ సంగతి చెప్పడానికి నాకు అర్హత ఉందనుకుంటున్నాను. లేదని మీకు తోస్తే అందుకు కారణం కూడా ఇందులోనే ఉంది.

మస్తానయ్య ఏడేళ్లు మేస్త్రి దగ్గర పని నేర్చాడు. ముప్ఫై రెండేళ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. శ్రావణంలో సొంత షెడ్డు తెరవాలని ఆశ. ఆ ఆశకు ఆధారం ట్రావెల్స్ చెంచురామయ్య. ఆయనకు తొమ్మిది బండ్లు ఉన్నాయి. బండితో వచ్చిన స్టీరియో పెళ్లివాళ్లకు చాలడం లేదు, గుండెలదిరే మోత కావాలంటున్నారు. "ముందు ఒక బండికి ఆంప్లిఫయర్ బిగించు. బాగుంటే మిగతా ఎనిమిదీ నీకే" అని ఆయన మస్తానయ్యకు మాట ఇచ్చాడు. కొత్త షెడ్డుకు అంతకన్నా మంచి బోణీ ఎక్కడ దొరుకుతుంది?

మస్తానయ్య ఆ పని చేసిన తీరు నేను కళ్లారా చూశాను. ముందు బాటరీ మైనస్ ఊడదీశాడు. చిటికెన వేలంత లావు ఎర్ర వైరు తీసుకుని, ఇంజను గోడకున్న రంధ్రంలో రబ్బరు తొడిగి, అందులోంచి లోపలికి లాగాడు. డ్రైవరు సీటు పక్కగా, తివాచీ కింద, డిక్కీ దాకా పరిచాడు. ఎర్త్ బిగించే చోట కొత్త బండి రంగు గీకాల్సి వస్తే ప్రాణం ఉసూరుమన్నా గీకాడు. ఇనుము తళతళలాడితేనే ఎర్త్ పడుతుందని మేస్త్రి మాట. ఇక ఫ్యూజు. చాలామంది దాన్ని డిక్కీలో, ఆంప్లిఫయర్ పక్కన పెడతారు, చేతికి సులువని. అక్కడ పెడితే ఆంప్లిఫయర్‌ను కాపాడుతుంది గానీ, మనుషుల కాళ్ల కింద పాకే అంత పొడుగు వైరును కాపాడదు. మస్తానయ్య బాటరీకి జానెడు దూరంలో పెట్టాడు. మేస్త్రి వచ్చి వంగి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పు.

పదో రోజున తిరుపతి దారిలో, పెళ్లివాళ్లు నిండా ఉన్న బండిలో, పాట టక్కున ఆగిపోయింది. పెళ్లివాళ్లు దారి పొడుగునా డ్రైవరును సతాయించారు, తిరిగొచ్చాక చెంచురామయ్యను నలుగురిలో నిలదీశారు. మర్నాడు పొద్దున్నే ఆయన డ్రైవరు ఏసోబును వెంటబెట్టుకుని అదే బండిలో వచ్చి షెడ్డు ముందు దిగాడు. ఏసోబుకు యాభై దాటి ఉంటాయి. యజమాని తిడుతున్నంతసేపూ ఆ తిట్లు తనకే అన్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

మస్తానయ్య వెతికాడు. ఫ్యూజు కాలిపోయింది. ఎందుకు కాలిందో చూద్దామని డ్రైవరు సీటు విప్పితే, సీటు జరిగే ఇనప పట్టీ కింద ఎర్ర వైరు నలిగి, పైతోలు చీలి, రాగి బయటపడి ఉంది. పట్టీ అంచున పసుపు దారం పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

అది నా దారం. మస్తానయ్య పని ముగించిన నాలుగో రోజున ఆ సీట్లు విప్పి, కవర్లు తొడిగి, మళ్లీ బిగించింది నేను. వైరు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూడలేదు. భోజనం వేళైందని నాలుగు బోల్టులూ బిగించేశాను. మేస్త్రి ఆ పోగును వేళ్లతో లాగి, నా వైపు చూడకుండా జేబులో వేసుకున్నాడు. నేను నోరు విప్పాల్సిన సమయం అదే. కానీ చెంచురామయ్య మిగతా బండ్ల సీట్లు కూడా నాకే ఇస్తానని ఉన్నాడు.

మస్తానయ్య చీలిన చోట వైరు కత్తిరించి, అతికి, గొట్టం తొడిగి, పట్టీకి దూరంగా జరిపి కట్టాడు. కొత్త ఫ్యూజు వేశాడు. పాట మోగింది. చెంచురామయ్యకు ఓపిగ్గా వివరించాడు కూడా. "చూడండి సార్, ఫ్యూజు గనక పోకపోయుంటే ఆ వైరు ఎర్రగా కాలి తివాచీ అంటుకునేది. పెళ్లివాళ్లు లోపల ఉండగా."

"అంటుకోలేదు గదా?" అన్నాడు చెంచురామయ్య. "పాట ఆగింది, అది జరిగింది. నా పరువు పోయింది, అదీ జరిగింది. జరగని మంట గురించి నాకు చెప్పబాకయ్యా. ఆ ఫ్యూజు పీకి అక్కడొక బోల్టు పెట్టు. ఎదురు షెడ్డువాళ్లు అట్నే పెడతారంట, వాళ్లు కట్టిన బండ్లలో పాట ఆగిందే లేదంట. ఏమన్నా అయితే పూచీ నాది. కాగితం మీద రాసిమ్మన్నా రాసిస్తా. బోల్టు పెట్టావంటే ఎనిమిది బండ్లూ ఈ వారంలోనే పంపిస్తా."

మస్తానయ్య మేస్త్రిని పక్కకు పిలిచి నేను మొదట చెప్పిన ప్రశ్న అడిగింది అప్పుడే. అతని గొంతులో ఉన్నది సందేహం కాదు, బతిమాలుడు. ఊఁ అను మేస్త్రీ, నా షెడ్డు నిలబడుతుంది అని అతని మొహం చెబుతూనే ఉంది.

మేస్త్రి చెప్పినట్టే మస్తానయ్య బానెట్ ఎత్తాడు. మేస్త్రి పెట్టెలో వెతికి, సరిపడే బోల్టు ఒకటి తీసి, చెంచురామయ్య దగ్గరికి వెళ్లాడు.

"మీరు చెప్పినట్టే చేస్తాం రామయ్య గారూ. ఒక్క పని చెయ్యండి. డ్రైవరు సీట్లో కూర్చుని సీటు ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉండండి. నేను మోత నిండా పెడతాను. ఒక్క పాట అయిపోయేదాకా. వైరు బాగుచేశాం గదా, ఏమీ కాదు. తర్వాత తీసుకెళ్లండి."

చెంచురామయ్య సీటు వైపు చూశాడు. నా కొత్త కవరు మెరుస్తూ ఉంది. సెల్లు తీసి చూసుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నాకంత తీరికేడుంది భాయ్. ఏసోబూ, నువ్వు కూర్చో."

ఏసోబు తలుపు తీసి కూర్చున్నాడు. ఎందుకని అడగలేదు. సీటు జరిపే కడ్డీ మీద చెయ్యి వేసి, చెబితే మొదలుపెడదామన్నట్టు చూశాడు. అతనికి అంతా తెలుసు. సీటు విప్పినప్పుడు లైటు పట్టుకున్నది అతనే.

మేస్త్రి బోల్టును మస్తానయ్య అరచేతిలో పెట్టాడు. "నువ్వే పెట్టు" అన్నాడు.

ఎత్తిన బానెట్‌కూ అద్దానికీ మధ్య సందులోంచి మస్తానయ్యకు ఏసోబు చేతులు మాత్రమే కనిపిస్తూ ఉండాలి. నేనున్న చోటికి మస్తానయ్య మొహం కనబడుతోంది. ఏడేళ్లలో అతన్ని అంత దీనంగా ఎప్పుడూ చూడలేదు. చెంచురామయ్య "కానీ, కానీ" అన్నాడు. మస్తానయ్య బోల్టును పెట్టెలో పడేసి బానెట్ దించాడు.

"నేను పెట్టలేను సార్."

"పెట్టేవాళ్లు లేకనా?" అని చెంచురామయ్య బండెక్కాడు, వెనక సీట్లో. బండి రోడ్డు దాటి ఎదురు షెడ్డులో ఆగింది. అక్కడ పది నిమిషాల పని. ఈ లోపల వాళ్లు ఆయనకు టీ తెప్పించి కుర్చీ వేశారు. పాట ఇక్కడికి వినబడింది. మస్తానయ్య రోడ్డుకేసి చూస్తూ, తుడిచిన స్పానర్‌నే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు. శ్రావణానికి షెడ్డు లేదని అతనికి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. ఇప్పుడైనా రోడ్డు దాటి, తప్పు నాది సార్, కుర్రాడి పనిలో లోపం లేదు అని ఒక్క మాట అనొచ్చు. నేను మిషను ముందు కూర్చుని కుట్టుకుంటూ ఉన్నాను. ఆ తొమ్మిది బండ్లకూ కవర్లు నేనే కుట్టాను. సిగ్గు పడ్డాను, కుట్టాను.

కాసేపటికి ఏసోబు రోడ్డు దాటి వచ్చాడు. ఫ్యూజు డబ్బా మూత ఇక్కడే ఉండిపోయిందట, తెమ్మన్నారట. మస్తానయ్య మూత వెతికి అతని చేతికిచ్చి, చెయ్యి వదల్లేదు.

"ఏసోబన్నా, ఆ బండి తోలబాక. ఇంకోచోట చూసుకో. మేస్త్రి చెబితే ఎవురన్నా పని ఇస్తారు."

ఏసోబు కొంచెం ఆలోచించి చెప్పాడు. "నేను మానుకుంటే రేపు ఇంకొకడు ఎక్కతాడు అబ్బయా. ఈడ బోల్టుందని వాడికి తెలవదు. నాకైతే తెలుసు. వాసనొస్తే బండాపి జనాన్ని దించేస్తా." మూత జేబులో వేసుకుని, అటూ ఇటూ చూసి రోడ్డు దాటాడు.

బండి వెళ్లిపోయింది. జిలానీ మేస్త్రి జేబులోంచి ఆ పసుపు దారం పోగు తీసి, నా మిషను మీద పెట్టి, శిష్యుడి వైపు తిరిగాడు.

"పొద్దున అడిగావే, పూచీ అని. ఇందాక మూత కోసం వచ్చిపోయినాయన ఆ మాటే అనలేదు, విన్నావా?"