రెండో గరిటె

అనగనగా ఉప్పుగాలి వీచే ఒక ఊళ్ళో, వలలు అల్లే నూకమ్మ అని ఒక మామ్మ ఉండేది. ఆ మామ్మకి పైడి అని మూడేళ్ళ మనవరాలు. పైడి తల్లి తెల్లారకుండానే చేపల గంప ఎత్తుకుపోయేది. అప్పుడు మామ్మ పిల్లని చంకనేసుకుని అంగన్‌వాడీ బడిలో దింపి, వలల దగ్గరికి పోయేది. ఊఁ కొడుతున్నావా బంగారూ?

ఆ బడి దూలానికి ఒక తూకం వేలాడేది. దానికి గుడ్డ ఊయల. నెలకోసారి సావిత్రమ్మ టీచరు ఇంటివాళ్ళ ముందే పిల్లల్ని అందులో కూర్చోబెట్టి తూచేది. తూచి, గోడమీద అట్టలో చుక్క పెట్టేది. బాగా ఎదిగితే పచ్చ చుక్క, కాస్త తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు.

మొదటి నెల పైడికి ఎర్ర చుక్క పడింది.

"ఏటే నూకమ్మా, పిల్లకి కూడెట్టట్లేదేటే?" అంది పక్కింటి పోలమ్మ. అందరూ నవ్వారు.

నూకమ్మ తల నేలకి దిగిపోయింది. తను తినడం మానేసి మరీ పిల్లకి పెట్టే మనిషి. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

అప్పుడు ఏం చేసిందో తెలుసా? వల నీళ్ళలో మునగడానికి సీసపు గుళ్ళు కడతారే, వాటిని పైడి గౌను అంచులో పెట్టి కుట్టేసింది. రెండో నెల తూకం ముల్లు గిర్రున తిరిగింది. పచ్చ చుక్క! ఆ రోజు నూకమ్మ పోలమ్మ గుమ్మం ముందు నుంచి రెండుసార్లు నడిచింది, పనేమీ లేకపోయినా.

కానీ మామ్మకి తెలియనిది ఒకటుంది. ఎర్ర చుక్క పిల్లలకి టీచరు ఉప్మా రెండో గరిటె వేసేది. పచ్చ చుక్క పడగానే పైడికి అది ఆగిపోయింది. ఆ తర్వాత పైడి పాట మధ్యలో జోగేది. పూసలు గుచ్చమంటే చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయేది. వచ్చిన మాటలు కూడా తగ్గిపోయాయి.

మూడో నెల మామ్మ ఇంకో నాలుగు గుళ్ళు కుట్టింది. తూకానికి ముందు పిల్లలంతా గీత దాటుతూ కప్పగంతులు వేస్తున్నారు. పైడి గెంతబోయింది. కాళ్ళు నేల వదల్లేదు. మళ్ళీ గెంతబోయింది. మూడోసారికి కూలబడి, "మామ్మా, గౌను బరువు" అంది. ఏడవలేదు. ఏడిచే ఓపికా లేదు.

అప్పుడు అందరూ చూస్తుండగానే నూకమ్మ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, పంటితో కుట్టు తెంపేసింది. గుళ్ళు టకటకా గచ్చుమీద దొర్లాయి.

"సిగ్గేసి చేసినాను టీచరమ్మా. తిట్టు."

టీచరు తిట్టలేదు. తూచి ఎర్ర చుక్క పెట్టింది. "ఈ చుక్క నిన్ను అనడానికి కాదు మామ్మా, నా గరిటెకి. ఇది చూసే కదా రెండోసారి వడ్డించేది!"

"అయ్యో, పిల్ల నోటికాడ కూడు నేనే లాగేసినానా!" అని నూకమ్మ బావురుమంది. పోలమ్మ వంగి, గుళ్ళు ఒక్కొక్కటే ఏరి ఆమె కొంగులో పోసింది.

ఆ తర్వాత ఎర్ర చుక్క పసుపైంది, వానలు వెనకబట్టేసరికి పచ్చనైంది. పైడి గీత దాటి గెంతింది. పాటంతా పాడి, తప్పు పాడిన పోలమ్మ మనవడిని దిద్దింది కూడా.

ఆ గౌనా? మన ట్రంకుపెట్టెలో అడుగునుంది. అంచు పొడుగునా మా మామ్మ సూది కన్నాలు అలాగే ఉన్నాయి. రేపు వేలు పెట్టి చూద్దువుగాని.

కథ చేరె కంచికి,
గరిటె చేరె వంటకి,
కునుకు చేరె కంటికి,
మనం మన ఇంటికి.