బండెక్కని బుట్ట

అనగనగా రెండు ఊళ్ళు. రెండింటి మధ్యా ఒక కాలవ. కాలవకి ఇవతల ఒక పెద్ద పట్నం, పేరు రేవులపట్నం. అవతల ఒక చిన్న పల్లె, పేరు పల్లపాలెం. పట్నంలో చెల్లెలు నాంచారి కాపురం. పల్లెలో అక్క వెంకాయమ్మ కాపురం. కాస్త ఇటు జరుగు కన్నా, దుప్పటి నాకూ రానీ. ఆఁ, చెబుతున్నాను.

వాళ్ళమ్మ చిన్నప్పుడే పోయింది. నాంచారికి జడ వేసింది అక్కే. అన్నం కలిపి ముద్దలు పెట్టింది అక్కే. పెళ్ళయి పట్నానికి వెళ్తుంటే, కాలవ గట్టు దాకా వచ్చి, బండి కనపడకుండా పోయేదాకా నిలబడింది కూడా అక్కే.

ఆ తర్వాత వారం వారం సంత రోజున అక్క చెల్లెల్ని చూడటానికి వచ్చేది. గోంగూర కట్టలు తెచ్చేది, దోసకాయలు తెచ్చేది, ఊరి కబుర్లు తెచ్చేది. ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చుని గోంగూర ఒలుచుకుంటూ సాయంత్రం దాకా నవ్వుకునేవాళ్ళు.

అప్పుడు పట్నం పెరిగింది. ఇళ్ళు పెరిగాయి, వంటిళ్ళు పెరిగాయి, వంటింటి వెనక చెత్త పెరిగింది. మునిసిపాలిటీ వాళ్ళు ఒక రూలు పెట్టారు. ఏ ఇంట్లోనూ చెత్త నిలవ ఉండకూడదు. తొక్కయినా, ఆకయినా, పుల్లయినా పొద్దున్నే గంట కొట్టుకుంటూ వచ్చే బండికి ఇచ్చెయ్యాలి. గోడల మీద 'మన పట్నం అద్దంలా ఉండాలి' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు.

ఆ బండి ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. అడిగితే తెలుస్తుంది కదా, తెలిస్తే సిగ్గుపడాలి కదా. అందుకని అడగలేదు.

బండి కాలవ దాటి పల్లపాలెం పోయేది. అక్కడ పారబోసేది. రోజూ పారబోసేది. చుట్టుపక్కల కొండన్నదే లేని ఆ ఊళ్ళో ఒక కొండ లేచింది. తొక్కలూ, కవర్లూ, చేపముళ్ళూ కలిసి కుళ్ళిన కొండ. వానొస్తే దాని మీంచి దిగిన నీళ్ళు బావిలోకి పోయాయి. గోంగూర మడి ఎండిపోయింది. దోసపాదు ఎండిపోయింది. ఊరికొచ్చే బస్సు కూడా, ఆ వాసనకి జనం ఎక్కడం లేదని, రావడం మానేసింది.

అయినా అక్క చెల్లెల్ని చూడటానికి నడిచి వచ్చింది. చేతిలో గోంగూర లేదు. నాంచారి ఇంటి పక్కావిడ మంగతాయారు వీధి అరుగు మీద కూర్చుని ఉంది. వెంకాయమ్మ దగ్గరికి రాగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏదో వాసన వస్తోంది కదూ," అంది, ఎవరితోనో అన్నట్టు.

అక్క విన్నది. లోపలికి వచ్చింది కానీ మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"నాంచారీ, ఆవిడ ముక్కు మూసుకుంది ఆవిడ వంటింటి వాసనకే. నేను మోసుకొచ్చానంతే. నీ చేత్తో వేసిన చెత్త కూడా ఆ బండిలోనే వస్తోందే. అది మానేదాకా నేను నీ గడప తొక్కను. నువ్వూ నా గడపకి రావద్దు."

"అక్కా..."

"రావద్దన్నానా."

అక్క వెళ్ళిపోయింది. ఈసారి కనపడకుండా పోయేదాకా నిలబడింది చెల్లెలు.

మర్నాడు పొద్దున్న బండి గంట కొట్టింది. నాంచారి చెత్త బుట్ట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి ముందుకి పోలేదు. "ఈ రోజు ఏం లేదు," అని బుట్ట వెనక్కి దాచుకుంది. పెరట్లో గోడ పక్కనే చిన్న గొయ్యి తీసి, బుట్టంతా అందులో వేసింది.

వాళ్ళాయన భద్రయ్య పళ్ళు తోముకుంటూ చూశాడు. "జనం బంగారం దాచుకుంటారు. నువ్వు వంకాయ తొడిమలు దాస్తున్నావా?" అన్నాడు.

"మా అక్కని చూడాలండీ," అంది నాంచారి. ఆయన నోరు పుక్కిలించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అలా రోజూ వేసింది. తొక్కలు వేసింది, మిగిలిన పప్పు వేసింది, చేపముళ్ళు వేసింది. అప్పుడేమయింది? గొయ్యి కంపు కొట్టింది. ఈగలు ముసిరాయి. మంగతాయారు మునిసిపాలిటీకి కబురు పెట్టింది. ఆఫీసరు శోభనాద్రి స్కూటరు మీద వచ్చాడు.

"రూలు తెలీదా అమ్మా? పూడ్చండి ఇది. బండికి ఇవ్వండి," అన్నాడు.

"వాసన రాకుండా చూసుకుంటే ఉంచుకోవచ్చా బాబూ?"

"వాసన రాని చెత్త నేనింతవరకూ చూళ్ళేదు. సరే, మళ్ళీ వస్తాను," అని వెళ్ళిపోయాడు.

నాంచారి పెరటి మెట్ల మీద కూర్చుంది. పక్కన అక్క కూర్చునే మెట్టు ఖాళీగా ఉంది. ఆ మెట్టు కేసి చూస్తూ, చూస్తూ, చిన్నప్పటి పెరడు తలుచుకుంది. అక్కడా పెంటకుప్ప ఉండేది. అది కంపు కొట్టేది కాదు. ఎందుకని? అక్క తడి చెత్త వెయ్యగానే, దోసెడు ఎండాకులు తెచ్చి పైన కప్పేది. నేను నీకు దుప్పటి కప్పుతాను చూడు, అలా అంచుల దాకా కప్పేది. చలి పెడుతుందే పాపం దానికి, అని చెల్లెల్ని నవ్వించేది.

అప్పుడు నాంచారి వీధిలో రాలిన ఎండాకులన్నీ ఊడ్చి తెచ్చింది. తడి మీద పొడి, తడి మీద పొడి. కంపు పోయింది.

కంపు పోయింది కానీ కుక్కలు వచ్చాయి. ఎలుకలు వచ్చాయి. ఒక కుక్క చేపముల్లు పట్టుకెళ్ళి మంగతాయారు ముగ్గు మీద పెట్టుకుని తిన్నది. మళ్ళీ కబురు వెళ్ళింది. మళ్ళీ స్కూటరు వచ్చింది.

"ఎలుకలొస్తే ఊరంతటికీ రోగాలమ్మా. ఇంక ఒక్కసారి వచ్చానంటే ఊరికే పోను," అన్నాడు శోభనాద్రి.

నాంచారి మళ్ళీ మెట్ల మీద కూర్చుంది. మళ్ళీ అక్కని తలుచుకుంది. అక్క వండిన మెతుకు కుప్పలో వేసేదా? లేదు. అన్నం, పప్పు గేదె కుడితిలోకి పోయేవి. నూనె తగిలింది, ఉప్పు తగిలింది, చేపా మాంసం తగిలింది ఏదీ కుప్ప దగ్గరికి రానిచ్చేది కాదు. పచ్చి తొక్కా, కాయగూర తుంపులూ, ఆకులూ అలములూ, అంతే.

అప్పుడు నాంచారి లెక్కగా వండటం మొదలుపెట్టింది. చేపలు వండటం మానేసింది. భద్రయ్య మొహం చిన్నబోయింది. అయినా మిగిలిన మెతుకులు పాలవాడి గేదెకి ఆయనే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. కుక్కలు రాలేదు. ఎలుకలు రాలేదు.

ఆ తర్వాత వాన పడింది. గోతిలో నీళ్ళు నిలిచి, మంగతాయారు గోడకి చెమ్మ ఎక్కింది. సున్నం పెచ్చులు ఊడిపోయాయి. మంగతాయారు ఈసారి కబురు పెట్టలేదు, తనే వెళ్ళి చెప్పి వచ్చింది.

ఈసారి నాంచారి ఆలోచిస్తూ కూర్చోలేదు. గోడ పక్కన అక్క ఎప్పుడూ కుప్ప పెట్టలేదని గొయ్యి తవ్విన రోజే గుర్తుకు రావలసింది. గొయ్యి ఖాళీ చేసి పూడ్చేసింది. గోడకి దూరంగా, పెరడు మధ్యలో ఇటుకలు పరిచింది. వాటి మీద వెదురు తడిక గుండ్రంగా చుట్టి నిలబెట్టింది. చెత్తంతా ఎత్తి అందులో పోసింది. కిందా పక్కలా గాలి ఆడింది. పైన తాటాకు మూత పెట్టింది.

అప్పటికి కార్తీక మాసం వచ్చింది. మంగతాయారు పూజలు చేసేది. బుట్టలు బుట్టలు బంతిపూలు, చామంతులు. పూజ చేసిన పూలు కాళ్ళ కింద పడకూడదు కదా. ఇదివరకు కాలవలో వేసేది. ఇప్పుడు కాలవకి కంచె కట్టారు. చెత్త బండిలో వేద్దామంటే, చేపముళ్ళ మధ్య పడి, బండి మనిషి కాళ్ళ కింద నలుగుతాయి. అందుకని కవర్లలో కట్టి మేకులకి తగిలించింది. గోడ నిండా కవర్లే, వేలాడుతూ.

ఒకరోజు ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది. వెదురు తడిక కనపడింది. చుట్టూ కంచెలా ఉంది, ఎవరూ తొక్కరు. వాసనా లేదు. అటూ ఇటూ చూసి, ఒక కవరు విప్పి, పూలు అందులో వేసి గబగబా వెళ్ళిపోయింది. మర్నాడు ఇంకో కవరు. నాంచారి చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఎండాకులు మాత్రం ఇంకో దోసెడు ఎక్కువ కప్పింది.

అప్పుడు శోభనాద్రి వచ్చాడు. ఈసారి స్కూటరు వెనకే చెత్త బండి కూడా వచ్చింది. ఇద్దరు మనుషులు పారలు పట్టుకుని పెరట్లోకి నడిచారు.

 ఇన్నాళ్ళూ బుట్ట కూడా బండెక్కనివ్వలేదు. ఇప్పుడు కుప్పంతా ఒక్కసారే ఎక్కి అక్క ఊరు పోతుంది. నాంచారి తడికకి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండమ్మా. కుప్పలు పెట్టకూడదని రూలు."

"వాసన ఉందా బాబూ? ఈగలున్నాయా? గోడ తడిసిందా?"

"అవన్నీ నాకనవసరం. రూలు రూలే."

అప్పుడు గోడ మీంచి మంగతాయారు కేక వేసింది. "ఆగు నాయనా. దాంట్లో నా పూజ పూలున్నాయి. పారలతో తొక్కి బండిలో వేస్తావా?"

శోభనాద్రి తలెత్తాడు. "ఫిర్యాదు చేసింది మీరే కదండీ?"

"చేశాను. అప్పుడు దాంట్లో పూలు లేవు."

పారలు పట్టుకున్నవాళ్ళు నవ్వు ఆపుకున్నారు. వీధిలో వాళ్ళంతా పోగయ్యారు. తొక్కకూడదు, తొక్కకూడదు అని అందరూ అన్నారు.

నాంచారి నవ్వలేదు. గోడ దగ్గరికి వెళ్ళింది. మెల్లగానే అడిగింది.

"మీ పూలు తొక్కకూడదు పిన్నిగారూ. సరే, ఎవరూ తొక్కరు. మరి మా అక్క ఊరు తొక్కొచ్చా? ఆ కొండ కింద బావి ఉంది, మడి ఉంది, మనుషులున్నారు. అక్కడ పారబోసేటప్పుడు తొక్కకూడదని ఒక్కరూ అనలేదే?"

 మంగతాయారు తల వంచుకుంది. శోభనాద్రి స్కూటరు తాళం చెవి అటూ ఇటూ తిప్పుకుంటూ, "పారలు బండిలో పెట్టండి," అన్నాడు.

ఆ తర్వాత మునిసిపాలిటీలో పెద్ద వాదన జరిగింది. కొందరు బల్లలు గుద్దారు. చివరికి పాత రూలు పక్కన పెట్టి కొత్త రూలు రాశారు. ఎవరి ఇంటి తొక్కలు, ఎవరి పెరటి ఆకులు వాళ్ళ పెరట్లోనే ఎరువు చేసుకోవచ్చు. కానీ చిన్నగా చేసుకోవాలి, పక్కింటివి తెచ్చుకోకూడదు. వండినవీ, చేపా మాంసం వెయ్యకూడదు. పొరుగు గోడకి దూరంగా పెట్టి, వాసన రాకుండా కప్పాలి. ఈ చివరి మూడూ ఎవరివి కన్నా? అవును, అక్కవే. కానీ వీధి చివర పెట్టిన బోర్డు మీద ఛైర్మన్ గారి బొమ్మ వేశారు.

పక్కింటివి కూడదన్నారు కదా, అందుకని మంగతాయారు తన పెరట్లో తనే తడిక చుట్టుకుంది. ఎండాకుల కోసం పొద్దున్నే చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చేది. ఎదురింటివాళ్ళూ చుట్టుకున్నారు. ఆ వీధిలో చెత్త బండి తేలికయిపోయింది.

కానీ నాంచారి వెంటనే అక్క దగ్గరికి వెళ్ళలేదు. ఉత్త చేతులతో ఎలా వెళ్తుంది? కుప్ప మాగాలి. చలికాలం అంతా దాన్ని తిరగేస్తూ, తడుపుతూ, కప్పుతూ గడిపింది. ఒక్కోరోజు మూత తీసి, ఇంకా అవలేదా అని అడిగేది. కుప్ప వెచ్చగా ఆవిరి వదిలేది. ఎండలు ముదిరే వేళకి అది నల్లగా, పొడిపొడిగా, తేలిగ్గా అయింది. తొక్కేదో, ఆకేదో, పూవేదో తెలీదు. అంతా మట్టే.

అప్పుడు నాంచారి ఒక కొత్త బుట్ట నిండా ఎరువు నింపి, నెత్తిన పెట్టుకుని, కాలవ దాటి నడిచింది.

అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. వెనక కొండ అలాగే ఉంది. నాంచారి గడప బయటే ఆగి, బుట్ట కిందికి దించింది. రమ్మంటుందో లేదో తెలీదు. అక్క జుట్టులో తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో కూడా తెలీదు.

అక్క లేచి వచ్చి బుట్టలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి నలిపి చూసింది.

"చేపముళ్ళు వేశావా?"

"మొదట్లో వేశాను."

"కుక్కలొచ్చుంటాయే."

"వచ్చాయి."

అక్క పెదవి చివర నవ్వింది. "ఎండాకులు కప్పమని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు కప్పుతుంటే చూసేదాన్ని కదా."

అక్క ఆ గుప్పెట్లో మట్టి కింద పడనివ్వలేదు. అలాగే పట్టుకుని అడిగింది.

"ఎన్ని వీధులు మానేశాయే?"

"మా వీధి ఒక్కటే అక్కా."

అక్క కొండ కేసి చూసింది. దూరంగా గంట కొట్టుకుంటూ ఇంకో బండి వస్తోంది. చూసి, చూసి, చెల్లెలి మొహం కొంగుతో తుడిచింది.

"ఎండన పడి వచ్చావు. లోపలికి రా, అన్నం తిందాం. నీళ్ళు మాత్రం కుండలోవి తాగు. బావి నీళ్ళు ఇంకా తాగడానికి పనికిరావు."

ఏమిటి కన్నా? అక్క మళ్ళీ పట్నం వచ్చిందా అనా? ఇంకా రాలేదమ్మా. సగం వీధులైనా మానితే వస్తానంది. నాంచారే వెళ్తోంది, వారం వారం, సంత రోజున, ఓ బుట్టెడు మట్టి పట్టుకుని. పెరటి మెట్ల మీద అక్క చోటు మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వదు.

కథ కంచి దారి పట్టింది,
తొక్క మట్టి దారి పట్టింది,
చెల్లి అక్క దారి పట్టింది,
మనం ఇంటి దారి పట్టాం,
నువ్వు నిద్ర దారి పట్టు.