పొగడ కడుపులోంచి వచ్చిన గొంతు

మద్దిచెట్ల అడవిలో ఒక దుప్పుల మంద ఉండేది. ఆ మందలో గడ్డికి కరువొచ్చిన ఏడు ఉందేమో గానీ సలహాలకు కరువొచ్చిన ఏడు లేదు. పొగడ అనే పడుచు దుప్పికి తొలిచూలు నిలిచిందని తెలిసిన దగ్గర్నుంచీ ముసలి దుప్పులన్నీ దాని చుట్టూ చేరి పాఠాలు చెప్పడమే. ఎడమపక్కకు తిరిగి పడుకోమని ఒకతె, పగలు అసలు నడుం వాల్చకూడదని ఇంకొకతె. పొగడ అన్నిటికీ తలాడించేది. నెలలు నిండాక ఆయాసం లేకుండా దానికి చేతనయ్యే పని అదొక్కటే.

ఆ వేసవిలో దాని అవస్థ చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందదు. నీళ్ళకు వంగితే కడుపు ముందుకు లాగి ముక్కు బురదలో ఆనుతుంది. ఇటు పడుకుంటే ఈ డొక్కలో తన్ను, అటు తిరిగితే ఆ డొక్కలో తన్ను. లోపలివాడికి నిద్రన్నది లేదు, వాడి తల్లికీ లేదు.

ఆ మందలో ఒక ఆచారం ఉంది. నెలలు నిండిన దుప్పి ఏది కోరినా అది కడుపులో బిడ్డ కోరినట్టే. కాదనకూడదు. కాదంటే పుట్టేది చెవిటిదో గుడ్డిదో అవుతుందని వాళ్ళ భయం. ఆ ఆచారం పుణ్యమా అని పొగడ ఆ వేసవిలో లేత చిగుళ్ళన్నీ తనే తింది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాకపోతే ఈ ఆచారం సంగతి అడవంతటికీ తెలుసు. తెలియకూడనివాళ్ళకు మరీ బాగా తెలుసు.

మిట్టమధ్యాహ్నం మంద చెట్లకింద చేరేది. పొగడ మాత్రం కాస్త ఎడంగా, ఒక బండ పక్కన పడుకునేది. అక్కడ ఏదుపంది బొరియ ఒకటి ఉంది. ఒళ్ళంతా ముళ్ళున్న ఆ ముసలిది పగలంతా భూమి అడుగున నిద్రపోతుంది, దాని జోలికెవరూ పోరు. బొరియ నోట్లోంచి చల్లగాలి వస్తుందని పొగడ కడుపుని అక్కడ ఆనించి పడుకునేది.

ఒకరోజు అలా పడుకుని ఉండగా వినిపించింది.

"అమ్మా."

చిన్న గొంతు. మూసిపెట్టిన కుండలోంచి వచ్చినట్టుంది. పొగడ చెవులు నిక్కించింది. ఎండ మండిపోతోంది. ఒక్క ఆకు కదలడం లేదు, కొండముచ్చులు కూడా కొమ్మలమీద కునుకు తీస్తున్నాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అమ్మా, నేనే. లోపలున్నాను."

గొంతు కడుపు కిందనుంచే వచ్చింది. పొగడ లేచింది. లేవడానికి దానికి చాలాసేపు పట్టింది, ఈలోగా గొంతు ఆగిపోయింది. ఆ సాయంత్రం అది మేత ముట్టలేదు. కలేమో అనుకుందామని చూసింది. నిద్రే పట్టనిదానికి కలెక్కడిది అని తనకే అనిపించి ఇంకా భయపడింది.

మర్నాడు ఆ చోటికి వెళ్ళకూడదనుకుంది. ఎండ మాడు పగలగొడుతుంటే కాళ్ళు అటే తీసుకుపోయాయి. పడుకున్న కాసేపటికే గొంతు వచ్చింది.

"మొన్న నేరేడుచెట్టు దగ్గర జారిపడ్డావు కదమ్మా. ఆ దెబ్బ నాకు తగిలింది. నువ్వెవరికీ చెప్పలేదు."

నిజమే. పొగడ ఎవరికీ చెప్పలేదు. చెబితే తిడతారని భయపడి, లోలోపలే కుమిలిపోతూ ఉంది. తప్పు చేశాను నాన్నా అని ఒప్పుకుంది. గొంతు మెల్లగా తనకేం కావాలో చెప్పింది. మందలో పుట్టనంది. ఇన్ని గిట్టల చప్పుడు తనకు పడదంది. వాగు అవతల రెల్లుదుబ్బుల్లో కనమంది, అదీ ఒంటరిగా రమ్మంది.

"రాకపోతే?" అంది పొగడ.

"రాకపోతే నేను బయటికి రాను."

ఆ క్షణంనుంచీ పొగడకు తన బిడ్డంటేనే భయం పట్టుకుంది. ఇలాంటి మాట చెప్పుకోడానికి కూడా సిగ్గే. నీళ్ళలో తన నీడ కనిపిస్తే ఆ కడుపు వంక చూడలేక కళ్ళు మూసుకుంది. లోపల ఉన్నది దుప్పిపిల్లేనా, ఇంకేదైనానా అన్న ఆలోచన దాన్ని తినేసింది.

ఆ సాయంత్రమే మందలో పెద్దదైన ఈరమ్మత్తకు చెప్పుకుంది. ఈరమ్మకు తొమ్మిది కాన్పులయ్యాయి. ఆ తొమ్మిదింటిలో ఒక్కటీ కడుపులోంచి మాట్లాడిన పాపాన పోలేదు. అది విన్నంతసేపూ నోరు తెరుచుకుని విని, తర్వాత రెండడుగులు వెనక్కి వేసింది.

"నేనేం చెయ్యను అత్తా?" అంది పొగడ.

"కడుపులోది నోరు తెరిచి అడిగాక ఇంక చేసేదేముందే. ఆచారం ఆచారమే. రేపు సాయంత్రం నిన్ను వాగు దాటిస్తాం."

మాట మందంతా పాకింది. పొగడ వస్తుంటే దారి వదిలారు. నిన్నటిదాకా దాని చెవులు నాకినవాళ్ళు దూరంగా నిలబడి గుసగుసలాడారు. కిందటేడు రెల్లుదుబ్బుల్లో ఈనిన రెండు దుప్పులూ పిల్లల్లేకుండా తిరిగొచ్చాయి. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ గుర్తుంది. అయినా ఆచారాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేక అందరూ నేలచూపులు చూశారు.

మూడోరోజు మధ్యాహ్నం పొగడ తనంతట తనే వెళ్ళి బండ పక్కన పడుకుంది. చెప్పినట్టు వింటానని చెప్పి, బిడ్డని మంచి చేసుకుందామనుకుంది.

"అమ్మా, ఈ సాయంత్రం వెళ్తున్నాం కదూ."

"వెళ్తున్నాం నాన్నా."

"నాకెంత సంతోషంగా ఉందో. ఇదిగో, ఎలా తన్నుతున్నానో చూడు. తగులుతోందా?"

పొగడ ఊపిరి బిగబట్టి చూసుకుంది. ఏమీ తగల్లేదు.

ఇంకాసేపు చూసింది. లోపల ఎక్కడా కదలిక లేదు. అప్పుడు దానికి ఒక విషయం తట్టింది. మూడురోజులుగా ఈ గొంతు వచ్చిన ప్రతిసారీ కడుపులో తన్నులు ఆగిపోతున్నాయి. నోటికి పని తగిలింది కాబట్టి కాళ్ళు ఊరుకున్నాయేమో అని తను సరిపెట్టుకుంది. ఇప్పుడేమో గొంతు తన్నుతున్నానంటోంది, కడుపు తన్నడం లేదంటోంది.

పొగడ మూలుగుతూ లేచి మంద వైపు ఇరవై అడుగులు నడిచింది. కడుపులో దబ్బున ఒక తన్ను, వెంటనే ఇంకొకటి. వెనక్కి తిరిగి బొరియ దగ్గరికి వచ్చింది. బొరియ నోరు ఇంకా మూడడుగుల దూరం ఉందనగా బిడ్డ ఒక్కసారిగా ముద్దలా ముడుచుకుపోయి, కదలకుండా బిగుసుకుపోయింది.

దుప్పిపిల్లకు ఎవరూ నేర్పనక్కర్లేని విద్య ఒకటుంది. శత్రువు అలికిడి తగిలితే ఊపిరి కూడా వినిపించకుండా ముడుచుకుపోతుంది. ఈ బిడ్డకు ఆ విద్య పుట్టకముందే వచ్చేసింది. మూడురోజులుగా తల్లికి తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో చెబుతూనే ఉంది, తల్లే వినిపించుకోలేదు. పొగడకు ఏడుపొచ్చింది. భయమంతా ఎటు పోయిందో పోయింది. బిడ్డని అది మొదటిసారి ఎరిగింది ఆ నిమిషంలోనే.

ముక్కు కిందికి పెట్టి వాసన చూసింది. చల్లగాలి అడుగున నక్క కంపు కొట్టింది.

బొరియకు రెండు నోళ్ళు. ఒకటి ఈ బండ పక్కన, రెండోది వెనక ముళ్ళపొదల్లో. నక్క ఆ వెనకనోట్లోంచి దూరి, నిద్రపోతున్న ఏదుపంది గది పక్కనుంచి పొట్టమీద పాక్కుంటూ వచ్చి ఇక్కడ కూర్చుంటోంది. ఇంటాయన లేస్తాడన్న భయంతోనే గొంతు అంత సన్నగా పెడుతోంది. పొగడ జారిపడటం చూసింది కూడా అదే. ఆ రోజునుంచీ దాని వెంటే ఉంది, పుట్టబోయే పిల్లకోసం.

"తగులుతోంది నాన్నా, బాగా తగులుతోంది," అంది పొగడ. అని, తన బరువంతా మోపి బొరియ నోటిమీద కూర్చుంది.

కిందనుంచి గొంతు వచ్చింది.

"అమ్మా, కొంచెం పక్కకి జరుగు."

"ఎలా జరగను నాన్నా, నెలలు నిండినదాన్ని. ఒకసారి కూర్చుంటే లేవడం నావల్ల కాదు."

"ఊపిరాడటం లేదమ్మా."

"నాకు మాత్రం ఆడుతోందా? నిన్ను మోస్తున్న దగ్గర్నుంచీ ఇంతే."

నక్క ఓర్పు అంతటితో సరి. సన్నగొంతు మరిచిపోయి, "లేవే దుప్పీ" అని మోటుగా ఒక్క అరుపు అరిచింది. చెట్లకింద మంద అదిరిపడి లేచింది. పొగడ కడుపులోంచి ముదురు మగగొంతు రావడం వాళ్ళు చెవులారా విన్నారు. ఈరమ్మ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకొక్క మాట వినిపిస్తే అందరూ అడవి దాటి పారిపోయేవాళ్ళే.

"ఏదు మావా," అని పొగడ గొంతెత్తి పిలిచింది. "నీ ఇంట్లో ఎవరో దూరారు. కాస్త చూసుకో."

పగటినిద్ర చెడగొట్టినవాణ్ణి ఏదుపంది ఎన్నడూ క్షమించదు. పోట్లాటకు అది ముందునుంచి రాదు, ముళ్ళు నిక్కబొడుచుకుని వెనక్కి నడుస్తూ వస్తుంది. నక్కకు ఆ ఇరుకులో తిరిగే చోటు లేదు, అదీ వెనక్కే పాకాలి. దారి మధ్యలో రెండు వీపులూ కలుసుకున్నాయి. అప్పుడు నేల అడుగునుంచి వచ్చిన ఏడుపు అడవి ఆ చివరికి వినిపించింది. పొగడ కడుపులో తన్నులు మళ్ళీ మొదలయ్యాయి.

ఏదుపంది కసితీరా పొడిచి తన గదిలోకి తిరిగిపోయాక నక్క ముళ్ళపొదల్లోంచి బయటపడి వాగు అవతలికి పరిగెత్తడం మందంతా చూసింది. ఆ తర్వాత అది వానలు పడేదాకా కూర్చుని తినలేదని చెప్పుకున్నారు.

ఈరమ్మ తల వంచుకుని పొగడ దగ్గరికొచ్చింది. నిన్నటినుంచీ అంత దగ్గరికి రావడం అదే మొదలు. సాయంత్రం రెల్లుదుబ్బుల ప్రయాణం మాటేమిటని నసిగింది.

"వెళ్ళనత్తా. ఇక్కడే, మీ అందరి మధ్యే కంటాను. ఇది బిడ్డ కోరిక కాదు, నాది."

తల్లి కోరికకు ఆచారం ఏముందో మందలో ఎవరికీ గుర్తు రాలేదు. దానికి చోటిస్తూ చుట్టూ నిలబడ్డారు.

నాలుగోనాటి పొద్దున్నే పొగడ ఈనింది. తడితడిగా ఉన్న పిల్ల వణుకుతూ నిలబడి, తల్లి మొహంలోకి చూసి నోరు తెరిచింది. మందలో కొందరు చెవులు రిక్కించారు, ఒకరిద్దరు వెనక్కి తగ్గారు కూడా. అది ఏ దుప్పిపిల్లయినా అరిచే అరుపే అరిచింది. పొగడ అంతకుముందు ఆ గొంతు ఎన్నడూ వినలేదు.

కడుపులో బిడ్డ గురించి లోకం ఎన్నయినా చెప్పనీ, నమ్మేముందు మోస్తున్నదాన్ని అడగాలి.