నాలుగక్షరాలు రాసేంతసేపు

పది రోజులుగా జకర్యాకు ప్రార్థన నోట రావడం లేదు. దేవుణ్ణి ఏ పేరుతో పిలవాలో తెలియడం లేదు.

యెమెన్ కొండల్లోని ఆ పట్నంలో, యూదుల వీధిలో, దేవుడి పేర్లు అతనికి తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు మరి. తోలుచుట్టల మీద ధర్మశాస్త్రం రాసే లేఖకుడతను. ఎలోహీమ్ అంటే న్యాయం తీర్చేవాడని, ఎల్ షద్దాయ్ అంటే సర్వశక్తి గలవాడని, నోటితో పలకకూడని ఆ నాలుగక్షరాల పేరు కరుణకు గుర్తని గడగడా చెప్పేవాడు. ఒక్క పేరే అతనికి రుచించేది కాదు. ఎడారి పాలైన హాగరు అనే దాసి పెట్టిన పేరు, 'నన్ను చూసే దేవుడు'. ఒక దాసి దేవుడికి పేరు పెట్టడమేమిటని అతని బాధ. చదువు బాగా ఎక్కినవాళ్ళకు ఇలాంటి బాధలుంటాయి.

చివరికి గురువు యహ్యా దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని రెల్లు కలం చెక్కుకుంటున్నాడు.

"గురువుగారూ, ఏ పేరుతో పిలిస్తే దేవుడు పలుకుతాడు?"

"ఏం జరిగింది నాయనా?"

"మా అన్న హనోకు పోయాడు. కాఫీ మూటలు వేసుకుని రేవుకి వెళ్తుంటే దారిలో జ్వరమొచ్చిందట. అక్కడే పాతిపెట్టారట."

అన్నదమ్ములకు రెండేళ్ళుగా మాటల్లేవు. తండ్రి నేర్పిన కలం వదిలి హనోకు ఒంటెల వెంట పడ్డాడని కోపం. "నాన్న చెయ్యి పట్టుకుని నేర్పిన విద్యని ఒంటెల పేడలో కలిపావు" అన్నాడు జకర్యా, నలుగురిలో. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

"చివరిసారి ఊరు వదిలేముందు నా గది గుమ్మం దాకా వచ్చాడండీ," అన్నాడు జకర్యా. "నేను దేవుడి పేరు రాస్తున్నాను. 'జకర్యా' అని పిలిచాడు. కాసేపాగి 'తమ్ముడూ' అన్నాడు. ఆ తర్వాత 'జక్కూ' అన్నాడు. చిన్నప్పుడు వాడొక్కడే అలా పిలిచేవాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆ పేరు రాస్తున్నప్పుడు రాజు వచ్చి పలకరించినా పలకకూడదని నియమం కదా. నియమం తప్పలేదు నేను."

 గురువు తను చెక్కిన కలం శిష్యుడి చేతికిచ్చాడు. కలం పరీక్షించుకునే తోలుముక్క ఒకటి ముందు పెట్టాడు.

"మీ అన్న పేరు రాయి. మన హీబ్రూ లిపిలో అందులోనూ నాలుగక్షరాలే. ఆ రోజు ఎలా రాశావో అలాగే, తొందరపడకు."

మోకాళ్ళు పట్టుకుని లేచి, గుమ్మం దాటి వెళ్ళి నిలబడ్డాడు.

జకర్యా కలాన్ని సిరాలో ముంచి మొదలుపెట్టాడు.

"జకర్యా!" అని బయటి నుంచి గొంతు వినిపించింది.

ఒక అక్షరమైంది. రెండోదీ అయింది. బయట ముసలాయన తొందరపడలేదు. జవాబు వస్తుందని నమ్మేవాడు ఆగినంతసేపు ఆగాడు.

"తమ్ముడూ!"

నాలుగో అక్షరం అప్పటికే పూర్తయింది. కలం చేతిలో ఊరికే ఉంది. సిరా ఆరుతోంది. జకర్యా తోలు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"జక్కూ!"

ఆ రోజూ ఇంతే. మూడో పిలుపుకి అతని చేతికి పనేమీ లేదు. రాసిన పేరు మీదకే వంగి, ఇంకా రాస్తున్నవాడిలా కూర్చున్నాడు. అన్న ఇంకోసారి పిలుస్తాడులే, ఇంకొంచెం బతిమాలతాడులే అనుకున్నాడు.

బయట చెప్పుల చప్పుడైంది. మెట్లు దిగుతున్న చప్పుడు.

"అన్నా!" అని జకర్యా కలం వదిలేసి పరిగెత్తాడు.

రెండో మెట్టు మీద గురువు నిలబడి ఉన్నాడు. జకర్యా గుమ్మం పట్టుకుని భోరుమన్నాడు. వీధిలో నీళ్ళు మోసుకెళ్తున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. అతను పట్టించుకోలేదు. ముసలాయన పైకెక్కి పక్కన నిలబడ్డాడు.

చాలాసేపటికి అడిగాడు. "ఆ పేరు రాయడానికి ఎంతసేపు పడుతుందో మీ అన్నకు తెలుసా?"

"తెలుసు. నాన్న దగ్గర ఇద్దరం ఒకే పలక ముందు కూర్చుని నేర్చుకున్నాం." జకర్యా మొహం తుడుచుకోలేదు. "అందుకే ఆగాగి పిలిచాడండీ. నేను రాయడం అయ్యేదాకా ఆగి మరీ పిలిచాడు."

గురువు తల వంచుకున్నాడు. "ఆ నియమం నీకు నేర్పింది నేనే. రాయడం అయ్యాక తలెత్తాలని వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాల్సింది."

జకర్యా అప్పుడు మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు దేవుణ్ణి ఏ పేరుతో పిలవను?" అన్నాడు జకర్యా. గొంతులో మునుపటి పాండిత్యం లేదు.

"ఆ రోజు ఆ గదిలో నిన్ను చూసినవాడొకడున్నాడు. ఆయన పేరు నీకు తెలుసు."

మర్నాడు జకర్యా మళ్ళీ పనిలో కూర్చున్నాడు. పీట మాత్రం మార్చుకున్నాడు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేవాడు, ఇప్పుడు పక్కకు తిరిగి కూర్చున్నాడు. రాస్తూ రాస్తూ ఆ పేరు దగ్గరికి వచ్చాడు. లేఖకులు అనాల్సిన మాట, "ఈ పేరును దాని పవిత్రత కోసం రాస్తున్నాను" అని, పైకే అన్నాడు. నాలుగక్షరాలూ రాసి, కలం కింద పెట్టి, తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ కలం తీసుకున్నాడు.

ధర్మశాస్త్రంలో ఆ పేరు పద్దెనిమిది వందల పైచిలుకు సార్లు వస్తుంది. ఆ చుట్ట పూర్తయ్యేదాకా ప్రతిసారీ అతను గుమ్మం వైపు చూశాడు.