జెకర్యా మూడో బాప్తిస్మం

చినలంకలో జెకర్యా అనే రైతు ఉండేవాడు. మారుమనస్సు పొందడమంటే అతనికి ఎంత ఇష్టమో, మారడమంటే అంత బద్ధకం.

ఏటా కోతలయ్యాక ఆ ఊరి సంఘం వాళ్ళు పందిరి వేసి, భక్తిని మళ్ళీ రగిలించే ఉజ్జీవ కూటాలు పెట్టేవారు. చివర్లో ప్రసంగీకుడు, హృదయం మార్చుకోవాలనుకునేవారు ముందుకు రమ్మని పిలిచేవాడు. ఆయన మాట పూర్తికాకముందే జెకర్యా లేచి, అందరినీ దాటుకుంటూ వెళ్ళి, మోకరించి భోరున ఏడ్చేవాడు. పాస్టరు గారు తలమీద చేతులుంచి ప్రార్థన చేసేవారు. మొదటిసారి చూసినవాళ్ళకు కళ్ళు చెమర్చేవి. ఏటా చూసేవాళ్ళు మాత్రం లేచి చెప్పులు వెతుక్కునేవారు.

విశ్వాసం, బాప్తిస్మం, మృతుల పునరుత్థానం, కడవరి తీర్పు, ఏది అడిగినా గడగడా అప్పజెప్పేవాడు. సరే, వాటి తర్వాత ఏమిటని అడిగితే, "ముందు పునాది గట్టిపడనివ్వండి" అనేవాడు. తల నెరిసిపోయింది కానీ ఆ పునాది ఏమిటో ఇంకా గట్టిపడలేదు. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం వేగుతారు?

అసలు సంగతి ఏమిటంటే, తమ్ముడు ఏసురత్నంతో అతనికి మాటల్లేవు. జెకర్యా ఇల్లు రోడ్డు మీద ఉండేది, తమ్ముడి ఇల్లు దాని వెనక. రాకపోకలకు ఒకటే సందు. తండ్రి పోయాక ఆ సందు నాదంటే నాదని ఇద్దరూ పోట్లాడుకున్నారు. జెకర్యా దానికి ఇనప గేటు పెట్టించి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తమ్ముడి ఇంటివాళ్ళు చేలగట్ల మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చేది. ప్రతి కూటంలోనూ జెకర్యా మైకు పట్టుకుని, సొంత తమ్ముడి మీద పగ పెట్టుకున్న పాపిని నేనేనని ఒప్పుకునేవాడు. తెల్లారితే మళ్ళీ గేటు గేటే, తాళం తాళమే. భార్య దానమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది. అందరి ముందూ ఒప్పుకున్నాను కదా, ఇంకేం చేయమంటావని అతను ఆమెనే కసురుకునేవాడు.

ఆ ఏడు సంఘానికి తీమోతి గారనే కొత్త పాస్టరు వచ్చారు. ఇంకేం, జెకర్యా ఆయన వెంటపడ్డాడు. మొదటి బాప్తిస్మం ఊహ తెలియక తీసుకున్నాడట, రెండోది ఏదో బాధలో తీసుకున్నాడట, ఈసారి నిండు విశ్వాసంతో తీసుకుంటాడట. ఒక్కసారి చాలని ఆయన ఎంత చెప్పినా చెవికెక్కలేదు. కొత్తవాళ్ళకు బాప్తిస్మాలిచ్చే ఆదివారం పొద్దున్నే తెల్లబట్టలు వేసుకుని వచ్చి, కాలువ రేవులో అందరికంటే ముందు నిలబడ్డాడు.

అప్పుడే ఏసురత్నం పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని కూతురు కరుణ పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది.

"అన్నయ్యా, తాళంచెవి ఇయ్యి. పిల్లకి నొప్పులొచ్చినయ్. బండి గేటు దగ్గరే ఆగిపోయింది. గట్ల మీద మోసుకెళ్ళేటట్టు లేదు" అన్నాడు. ఏళ్ళ తర్వాత అన్నతో అతను మాట్లాడిన మొదటి మాట అది.

జెకర్యా మొహం చిట్లించాడు. "దేవుడి పనిలో ఉన్నాను, కనపడట్లేదా? మునిగి లేచాక నేనే వచ్చి తీస్తాను" అన్నాడు.

ఏసురత్నం ఇక బతిమాలలేదు, వచ్చిన దారినే పరుగెత్తాడు. తీమోతి గారు అప్పటికే మొలలోతు నీళ్ళలో ఉన్నారు. ఆ మాట చెవిన పడగానే గబగబా పైకి వచ్చి, జెకర్యా చెయ్యి పట్టుకుని ఊళ్ళోకి లాక్కుపోయారు.

వాళ్ళు వెళ్ళేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. తాళం పగిలి కింద పడి ఉంది. రోకలి పక్కన పడేసి, దానమ్మ కరుణను బండి ఎక్కిస్తోంది. జెకర్యా తడబడుతూ తాళంచెవి తీసి ఆమెకు చూపించాడు.

"మీరు వెళ్ళి మారుమనస్సు పొందండి. మేం ఆసుపత్రికి వెళ్ళొస్తాం" అంది దానమ్మ.

కరుణకు ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఊరంతా వెళ్ళి బిడ్డను చూసి వచ్చారు. జెకర్యాకు మాత్రం మొహం చెల్లలేదు. తర్వాత పాపను ప్రార్థనకు గుడికి తెచ్చిన రోజున అతను వెనక చాప మీద కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక ఏడుస్తూ పాస్టరు గారి దగ్గరకు వచ్చాడు.

"అయ్యగారూ, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను. నా తలమీద చేతులుంచండి" అన్నాడు.

తీమోతి గారికి ఓపిక నశించింది. "ఉంచను. మీ మొదలు ఎప్పుడో అయిపోయింది జెకర్యా గారూ. ఇక ముందుకు రావద్దు, బయటికి వెళ్ళండి. మీ తమ్ముడు గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆ ఏడుపేదో అతని దగ్గర ఏడవండి" అన్నారు.

జెకర్యా వెళ్ళాడు. అక్కడ మైకు లేదు, పాటలు లేవు, వెన్ను తట్టేవాళ్ళు లేరు. తమ్ముడి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. "తప్పు నాదేరా. గేటు పీకేస్తాను" అన్నాడు.

"ముందు పీకు అన్నయ్యా. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఏసురత్నం.

ఆ రోజు జెకర్యా అన్నం కూడా తినకుండా, గునపం తీసుకుని గేటును స్తంభాలతో సహా పెకలించాడు. సాయంత్రానికి పాపను ఎత్తుకుని కరుణ ఆ సందులోంచే నడిచి వచ్చింది.

విశ్వాసానికి పునాది ఒక్కసారి వేసుకుంటే చాలు. మళ్ళీ మళ్ళీ దాన్నే తవ్వుకుంటూ కూర్చోక, దానిమీద మంచి పనులతో గోడ లేపుకుంటూ పోవాలి.